దొరసాని శాంపిల్లో ఇంకొకరు

జంతువుల పార్కు వెనక క్వార్టర్స్,
మూడో నంబరు గది.
ఫిబ్రవరి 3.

బావమరిదికి,

ఈ ఉత్తరాన్ని శాంపిల్ పెట్టె మూత కింద పెట్టలేదు. ట్యూబుల మీదే పెట్టి, పైన ఐసు సంచులు సర్దాను. దీన్ని తీయకుండా ట్యూబులు తీయలేవు. తడిసి అక్షరాలు అలుక్కుపోతే ఎండలో ఆరబెట్టి చదువుకో.

మీ అక్క పోయి పద్నాలుగు నెలలైంది. ఆమె ఉన్నన్నాళ్ళూ మీ ఇద్దరి ఉత్తరాలూ నెలనెలా ఈ పెట్టెలోనే వెళ్ళేవి, వచ్చేవి. ఆమె పోయాక నేను పాండా శాంపిళ్ళ ట్యూబులు పంపుతున్నాను, నువ్వు ఖాళీ పెట్టె వెనక్కి పంపుతున్నావు. మన మధ్య ఒక్క మాట లేదు. ఇప్పుడు కూడా అవసరం పడి రాస్తున్నాను. అవసరం లేకపోతే రాసేవాణ్ణి కాదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక.

సంగతి దొరసానిది. నువ్వు ఆవిడగారిని ట్యూబుల్లో తప్ప చూసింది లేదు కాబట్టి వివరంగా చెబుతున్నాను. మా పార్కులో ఉన్న పాండా అదొక్కటే. ఇరవై ఆరేళ్ళది. పాండాల్లో అది ముసలితనం. మీ అక్క పంతొమ్మిదేళ్ళు దాన్ని సాకింది. నేను అన్నేళ్ళూ పక్కనే వెదురు షెడ్డులో కట్టలు కొట్టేవాణ్ణి. మీ అక్క పోయాక, ఆవిడ వాసన కాస్తో కూస్తో నా చొక్కాలకు ఉంటుందనుకున్నారో ఏమో, దొరసాని పని నాకు అప్పగించారు. పేరుకు కీపర్ని. నిజానికి రోజూ అవమానం పడే బంట్రోతుని.

దొరసానికి దవడ నొప్పి. వెదురు నమలాలంటే నొప్పి మాత్ర పడాలి. మాత్ర ఆపిల్లో దాచి పెట్టాలి, ఇంకెందులో పెట్టినా పసిగట్టి ఉమ్మేస్తుంది. నేను శుభ్రంగా కోసి, తొడుగులు వేసుకుని, స్టీలు పళ్ళెంలో పెట్టి అందిస్తే ఆవిడగారు తీసుకుంటుంది, వాసన చూస్తుంది, పక్కన పెడుతుంది. తర్వాత నా మొహం వంక చూస్తుంది, ఇంకా ఏదో బాకీ ఉన్నట్టు. మాత్ర లేదు కాబట్టి నమలడం లేదు, నమలడం లేదు కాబట్టి చిక్కిపోతోంది. మీ అక్క ఉన్నప్పుడు తొంభై ఏడు కిలోలు. మొన్న తూస్తే ఎనభై నాలుగు. ఏప్రిల్ నెలాఖరుకు ఎనభై లోపు దిగితే, ఆస్పత్రి ఉన్న దూరపు సెంటరుకు పంపేస్తామని పార్కు కమిటీ తీర్మానం చేసింది.

అది కూడా వెళ్ళిపోతే నాకు పొద్దున్నే లేచి పలకరించడానికి ఎవరూ ఉండరు. గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒక దాని మీద నేను కూర్చుంటాను, రెండో దాని మీద ఉతికిన బట్టలు కూర్చుంటాయి.

నువ్వు దొరసాని జన్యువుల్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివావని మీ అక్క గొప్పగా చెప్పేది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనుషులు మీరు. నా చేత్తో పెడితే ఎందుకు తినడం లేదో చూసి చెప్పు.

బావ

*

జన్యు పరిశోధనశాల,
రెండో అంతస్తు, చల్లగది పక్క బల్ల.
ఫిబ్రవరి 11.

బావ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం తడవలేదు. రెండుసార్లు చదివాను.

మీరు అడిగిన దానికి తెలిసినంత వరకు చెబుతాను. పాండా జన్యువుల పుస్తకాన్ని చాలా ఏళ్ళ కిందటే వేరే పెద్ద బృందం మొదటిసారి చదివింది. ఆ పుస్తకం పక్కన దొరసాని పుస్తకాన్ని పెట్టి, ఎక్కడ ఏ అక్షరం తేడా ఉందో చూడడం నా పని. దాదాపు రెండు వందల నలభై కోట్ల అక్షరాలు. అక్షరాలు నాలుగు రకాలే, వాటినే అటూ ఇటూ మార్చి రాసి ఉంటుంది. పొద్దున్న తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం మెడ పట్టేస్తుంది.

అందులో చిత్రాలు కొన్ని ఉన్నాయి. పాండా పొట్ట మాంసం తినే జంతువు పొట్టే. పళ్ళూ పేగులూ ఆ వంశానివే. కానీ మాంసం రుచిని నాలుకకు తెలిపే జన్యువు ఒకటి ఎప్పుడో విరిగిపోయింది. ఉన్నచోటే ఉంది, పని చేయదు. పోనీ వెదురు పీచును అరిగించే జన్యువు ఉందా అంటే అదీ లేదు. ఆ పని కొంతవరకు పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు చేసిపెడతాయి. ఇంటివాళ్ళకు వంట రాదు, అద్దెకున్నవాళ్ళు వండి పెడుతున్నారు. అందుకే రోజులో సగం పైగా తింటూనే ఉండాలి. దొరసాని నాలుగు రోజులు సరిగా నమలకపోతే అంత త్వరగా చిక్కడానికి కారణం ఇదే.

అయితే ఎవరి చేత్తో పెడితే తినాలో రాసిన జన్యువు ఏదీ లేదు. క్షమించండి.

ఆఫీసు పని ఒకటి ఉంది. దొరసాని పాత శాంపిళ్ళలో మనిషి డీఎన్ఏ కలిసి ఉంది. పంతొమ్మిదేళ్ళ శాంపిళ్ళు అన్నిటిలోనూ ఉంది. గత పద్నాలుగు నెలల శాంపిళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పాత శాంపిళ్ళు తీసేటప్పుడు తొడుగులు వాడలేదా, ఇంకేదైనా నిర్లక్ష్యం జరిగిందా అని మా పెద్దాయన అడుగుతున్నారు. కారణం తేలకపోతే ఆ శాంపిళ్ళను నమ్మలేం. ఏప్రిల్ నెలాఖరుకు ఫ్రీజరు ఖాళీ చేసి పారేస్తారు. మీకు తెలిసింది దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
మీ బావమరిది

*

మూడో నంబరు గది.
ఫిబ్రవరి 20.

ఏమయ్యా,

పెట్టె వెళ్ళేదాకా ఆగలేక పోస్టులో పడేస్తున్నాను.

రెండు వందల నలభై కోట్ల అక్షరాలు చదివి నువ్వు తేల్చింది వంట రాదనా. కొండను తవ్వి ఎలుకను పట్టారు. పోనీలే, అది నీ తప్పు కాదు. కానీ ఆ నిర్లక్ష్యం అన్న మాట నీ చేతులెలా రాశాయి. తొడుగులు లేకుండా మీ అక్క ఒక్క రోజు ఆ గడప దాటలేదు. నేను షెడ్డులోంచి కేకేసి మంచినీళ్ళు అడిగితే, తొడుగులు విప్పి, చేతులు కడిగి, నీళ్ళిచ్చి, మళ్ళీ కొత్త తొడుగులు వేసుకునేది. నాకే విసుగొచ్చేది. దొరసానికి నోరు తెరవడం నేర్పింది, దూదిపుల్లతో బుగ్గ లోపల రుద్ది తీసేది, ట్యూబు మీద తేదీ రాసేది. జ్వరమొచ్చినా ఒక్క నెల ఆపలేదు. అలాంటి మనిషి మీద చచ్చాక నింద వేస్తారా. అదీ తమ్ముడి చేత్తో.

నన్ను గారూ గీరూ అనకు. ఆ మర్యాదలు పెళ్ళివారికి చేసుకో. నా ఇంట్లో, నా కంచంలో తిని, నా సైకిలు టైరు కోసిన వాడివి నువ్వు.

కోపం వచ్చింది కాబట్టి అసలుది కూడా చెప్పేస్తాను. నువ్వు రాలేదు. మంచాన పడ్డాక, ఆ నవంబరులో మీ అక్క స్వయంగా ఉత్తరం రాసి పెట్టెలో పెట్టింది. నేను ఫోన్ చేస్తానంటే వద్దంది. జన్యువులు చదివే మిషను నడుస్తున్నప్పుడు వాడు పక్కకు పోకూడదు, ఉత్తరం చూసుకుని తీరిక చేసుకుని వస్తాడులే అంది. రోజూ మధ్యాహ్నం, ఖాళీ పెట్టె వచ్చిందా అని అడిగేది. ఇరవై మూడు రోజులు అడిగింది. ఇక లాభం లేదని నేను ఫోన్ చేసేసరికి అంతా అయిపోయింది. మర్నాడు వచ్చి గేటు దగ్గర గంటసేపు నిలబడ్డావు. నీ మొహం చూడాలనిపించలేదు. ఇప్పటికీ నాకు ఆ కోపం పోలేదు. పోయిందని అబద్ధం రాయలేను.

దొరసాని ఎనభై రెండుకు వచ్చింది.

బావ

*

నా అద్దె గది,
మూడో అంతస్తు.
మార్చి 2.

బావా,

ఇది ఆఫీసు కాగితం కాదు, గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళు లేరు. పక్క వాటావాళ్ళ కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో లెక్కపెడుతుంటాను.

ఆ పెట్టె వచ్చింది బావా. నవంబరు ఆరున వచ్చింది. ట్యూబులు తీసి ఫ్రీజరులో పెట్టాను. మూత తీసి పక్కన అల్మారా మీద బోర్లా పెట్టాను, పెట్టెను చల్లగదిలోకి తోసేశాను. ప్రతి నెలా మూత కింద చెయ్యి పెట్టి అక్క ఉత్తరం తీసుకునేవాణ్ణి. ఆ నెల పెట్టలేదు. మిషను మీద నాలుగు వారాల పని, నిద్ర లేదు, ఉత్తరం తర్వాత చూడొచ్చు అనుకుని మర్చిపోయాను. అది మంచుకు మూతకే అతుక్కుపోయి ఉంది.

నువ్వు ఫోన్ చేసినప్పుడే అక్కకు బాగాలేదని నాకు తెలిసింది. వచ్చాను, నువ్వు మొహం తిప్పుకున్నావు, వెళ్ళిపోయాను. తిరిగొచ్చాక నీకు పంపాలని పెట్టె కడుగుతుంటే మూతకు అంటుకుని కనిపించింది. నాలుగే వాక్యాలు. దొరసాని లేత వెదురు మానేసి ముదురు వెదురు అడుగుతోందని రెండు. మిగిలిన రెండు ఇవి: "ఒకసారి తీరిక చేసుకుని రా. రాకపోయినా ఏమీ అనుకోను. కానీ రా."

నీకు చెప్పలేదు. చెబితే ఏమవుతుంది, చూసి రాలేదన్నా, చూడకుండా రాలేదన్నా, ఆ ఇరవై మూడు రోజులు ఆమెకు ఒకటే కదా అనుకున్నాను. సిగ్గుతో పదిహేను నెలలు గడిపాను.

ఇంకో విషయం కూడా దాచాను. పోయిన ఉత్తరంలో తెలియనట్టు అడిగాను గానీ ఆ మనిషి ఎవరో నాకు అప్పటికే తెలుసు.

మా పని మొదలుపెట్టేటప్పుడు మొదటి మెట్టు ఊడ్చుకోవడం. శాంపిల్లో పాండావి కాని ముక్కలన్నీ ఏరి వేరే ఫైలులో పడేస్తాం. వెదురు ముక్కలు, సూక్ష్మజీవులు, మనిషివి. దాన్ని చెత్త ఫైలు అంటాం. ఎవరూ తెరిచి చూడరు. అది మాలో ఎవరి నిర్లక్ష్యమో పట్టుకోవడానికి మా అందరి డీఎన్ఏ ముందే చదివి పెట్టుకుంటాం. జనవరిలో ఆ ముక్కల్ని మా జాబితాతో పోల్చాను. ఆడమనిషి. లాబ్‌లో ఎవరితోనూ కలవలేదు, నాతో తప్ప. నాతో సగం కలిసింది. సగం కలిసేది అమ్మో నాన్నో పిల్లలో తోబుట్టువులో. అమ్మ పోయి ముప్పై ఏళ్ళు.

అక్క బావా. నేను పంతొమ్మిదేళ్ళ పాటు నెలనెలా చెత్తలో పారేస్తూ వచ్చింది అక్కని.

మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళకుండా మళ్ళీ మళ్ళీ పోల్చి చూశాను. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆమె ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉంది అన్నాను.

తొడుగు చిరిగితే తగిలేంత కాదు అది. చాలా ఎక్కువ ఉంది. ఉమ్మి వల్ల తప్ప అంత రాదు. అందుకే అడుగుతున్నాను. అక్క దొరసానికి ఏదైనా ఎంగిలి చేసి పెట్టేదా? చిన్నప్పుడు నాకు అలాగే పెట్టేది. జామకాయను గౌను అంచుతో చుట్టి కొరికి, ఇది కాకెంగిలి, తినొచ్చు అని సగం నా చేతిలో పెట్టేది. తను కొరకంది నేను ముట్టేవాణ్ణి కాదట. చేదు ఉంటుందని భయం.

బావమరిది

*

మూడో నంబరు గది.
మార్చి 14.

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు మాట్లాడలేదు. మాట్లాడడానికి ఎవరూ లేరనుకో, అయినా.

మూత సంగతి చదివాను. నిన్ను తిట్టడానికి దాచుకున్న తిట్లు చాలా ఉన్నాయి, అవన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నేనైనా ఆమె వద్దన్నా ఫోన్ చేసి ఉండాల్సింది. వెదురు కొట్టే చేతికి ఫోన్ నొక్కడం బరువా. నేను ఆమె మాట విని చెడ్డాను, నువ్వు చదవక చెడ్డావు.

ఇక ఎంగిలి సంగతి. షెడ్డు కిటికీ లోంచి నాకు దొరసాని వీపు కనిపించేది గానీ మీ అక్క కనిపించేది కాదు. కానీ నువ్వడిగాక ఒకటి గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో మేమిద్దరం పొద్దున్నే కలిసి తినేవాళ్ళం. దొరసాని వచ్చాక మానేసింది. ఖాళీ కడుపుతో పోతావేం అంటే, అక్కడ తింటాలే అనేది. క్యాంటీనులో తింటోందనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు అలాగే అనుకున్నాను. ఆవిడ పొద్దుటి తిండి సగం ఆపిల్, మిగిలిన సగం దొరసానిది. నాకు కొంచెం ఈర్ష్యగా కూడా ఉంది, నవ్వకు.

మర్నాడు నేనూ ప్రయత్నించాను. మాస్కు కిందకు లాగి, అటూ ఇటూ చూసి, ఆపిల్ కొరికాను. నాకు ముందు పళ్ళు రెండు కదులుతున్నాయి, అదొక బాధ. కొరికిన చోట మాత్ర గుచ్చి చేత్తోనే ఇచ్చాను. ఆవిడగారు వాసన చూసింది. నా వంక చూసింది. పక్కన పెట్టింది, కానీ ఈసారి చేతికందేంత దగ్గరలో పెట్టుకుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఊచల దగ్గరే కూర్చుని నేను నమలడం చూసింది. నాలుగో రోజు తీసుకుని, నేను కొరికిన వైపు నుంచే తినడం మొదలుపెట్టి, గింజలతో సహా తినేసింది.

నేను అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. మీ అక్క పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

నొప్పి మాత్ర పడింది కాబట్టి వెదురు నములుతోంది. మొన్న డెబ్భై తొమ్మిదిన్నర, నిన్న ఎనభై దాటింది. అడవిలో పాండా ఒంటరిగానే బతుకుతుంది, దానికి తోడు అక్కర్లేదు అని మా డాక్టరు అంటుంటాడు. ఆయనకు తెలియంది ఒకటుంది. ఒంటరిగా పుట్టడం వేరు, ఒకరికి అలవాటు పడ్డాక ఒంటరిగా మిగలడం వేరు.

ఎంగిలి పెట్టడం పార్కు నిబంధనలకు విరుద్ధం. తెలిస్తే ఊరుకోరు. నువ్వు నోరు మెదపకు.

బావ

*

పరిశోధనశాల,
రెండో అంతస్తు.
ఏప్రిల్ 8.

బావా,

ఏప్రిల్ శాంపిల్ చదివాను. దొరసానితో పాటు ఇంకొకరున్నారు. మగమనిషి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకు, నాకు తెలుసు నువ్వేనని. ఇన్ని నెలల తర్వాత ఆ ఫైలులో ఒక మనిషి కనిపిస్తే నాకు సంతోషమేసింది.

కానీ ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్దాయనకు రిపోర్టు రాయాలి. మనిషి డీఎన్ఏ ఎక్కడి నుంచి వచ్చిందో నిజం రాస్తే, కీపరు ఎంగిలి అని తేలుతుంది. ఎవరిదో తెలిసిన కలుషితాన్ని ఏరి పారేయడం తేలిక, కాబట్టి శాంపిళ్ళు బతుకుతాయి. కానీ ఆ రిపోర్టు నకలు మీ కమిటీకి వెళుతుంది. కారణం తెలియదు అని రాస్తే నువ్వు బయటపడవు, దొరసాని నీ దగ్గరే ఉంటుంది. ముప్పయ్యో తేదీన ఫ్రీజరు ఖాళీ చేసి అక్క ట్యూబులన్నీ పారేస్తారు.

అవి ఏమిటో నీకు చెప్పాలి. రెండు వందల ఇరవై చిల్లర ట్యూబులు. ఒకే పాండా, ఏడో ఏడు నుంచి ముసలితనం దాకా, ఒక్క నెల తప్పకుండా. జన్యువుల పుస్తకం ఒకసారి చదివితే ఆ జంతువు ఏమిటో తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పుస్తకంలో ఏ పేజీలు మూతపడతాయో తెలియాలంటే ఇలాంటి ట్యూబులు కావాలి. నాకు తెలిసినంతలో ఇంత పొడుగు వరస ఇంకెవరి దగ్గరా లేదు. అక్కకు డిగ్రీ లేదు, ఏ కాగితం మీదా పేరు లేదు. ఆమె చేసిన పని మొత్తం ఆ ఒక్క అరలో ఉంది.

నేను ఏది రాసినా నీదో, ఆమెదో ఒకటి పోతుంది. నాకు తేల్చే ధైర్యం లేదు, హక్కూ లేదు. నువ్వు తెలియదు అని రాయమంటే అలాగే రాస్తాను. నిజంగా రాస్తాను.

రెండింట్లో ఏదైనా సరే, మనుషుల డీఎన్ఏ ఫైలు మాత్రం చెరిపేయాల్సిందే. అనుమతి లేకుండా ఎవరిదీ ఉంచుకోకూడదన్నది మా నిబంధన. ఇప్పటిదాకా రోజూ పొద్దున్నే ఒకసారి తెరిచి మూస్తున్నాను.

బావమరిది

*

మూడో నంబరు గది.
ఏప్రిల్ 21.

నాయనా,

ముందు శుభవార్త. దొరసాని ఎనభై రెండు కిలోలు. కమిటీ పెట్టిన గీత దాటి పైనే ఉంది.

నీ ఉత్తరం చదివి మీ అక్క రోజువారీ పుస్తకాలు దించాను. పంతొమ్మిది. ప్రతి రోజూ ఒక వరస: ఎంత వెదురు, ఎంత పేడ, నిద్ర, ఆపిల్. ఆపిల్ దగ్గర "తిన్నది" అని రాసి ఉంది, అంతే. పంతొమ్మిదేళ్ళూ అదొక్కటే దాచింది. మిగిలినవన్నీ గ్రాములతో సహా రాసింది. నేను కూడా మార్చి నుంచి "తిన్నది" అనే రాస్తున్నాను. ఆమె పుస్తకం, నా పుస్తకం పక్కపక్కన పెట్టుకుని రెండు రోజులు చూశాను. దొరసాని మహా అయితే ఇంకో నాలుగైదేళ్ళు ఉంటుంది. ఆ నాలుగేళ్ళు నాకు పలకరింపు కావాలని ఆమె పంతొమ్మిదేళ్ళు చెత్తబుట్టలో వేయించనా. మింగలేక కక్కలేక ఒక రోజు గడిపి, పొద్దున్నే స్నానం చేసి ఆఫీసుకు వెళ్ళాను.

నీ రిపోర్టు వచ్చేదాకా ఆగలేదు. ఎంగిలి పెట్టింది మేమే, ఆమె పంతొమ్మిదేళ్ళు, నేను నెలన్నర అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం నకలు ఇందులో ఉంది. నీ రిపోర్టుకు జత చేసుకో.

కమిటీ కేకలు వేస్తుందనుకున్నాను, వేయలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. డాక్టరు మెల్లగా చెప్పాడు. "తాతా, నీకు అరవై రెండు, ముసలిదానికి ఇరవై ఆరు. నువ్వు కొరికితేనే తింటుందంటే నీకు జ్వరమొచ్చిన రోజు దాని గతేమిటి? అక్కడైతే నలుగురు కీపర్లున్నారు, నలుగురికీ అలవాటు చేస్తారు." ఆయన చెప్పింది నిజం. దొరసానిని మే పన్నెండున తీసుకుపోతారు.

బాధగా ఉంది. పెద్దవాణ్ణి కదా అని దాచుకోవడం ఎందుకు, చాలా బాధగా ఉంది.

పంపే కాగితంలో ఆహారపు అలవాట్లు అని ఒక గడి ఉంది. అందులో "పెట్టేవాళ్ళు ముందు కొరికి పెట్టాలి" అని రాశాను. గుమాస్తా కొట్టేశాడు. డాక్టరు మళ్ళీ రాయించాడు. నిన్న ఆ సెంటరు నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది, అక్కడి కీపరట. నిబంధనలు చెబుతుందేమో అనుకున్నాను. "ఏ వైపు కొరకాలండీ, తొడిమ వైపా, అడుగు వైపా?" అని అడిగింది. అడుగు వైపు అని చెప్పాను. రాసుకుంది. ఆ పిల్లకు పళ్ళు గట్టిగా ఉన్నట్టున్నాయి, మాట స్పష్టంగా ఉంది.

ఆ ఫైలు చెరిపేసే ముందు ఒక్కటి చెప్పు. అందులో ఆమె ఎంత ఉంది? నవ్వు, గొంతు, అలాంటివి ఏమైనా తెలుస్తాయా?

పన్నెండున పొద్దున్న బండి వస్తుంది. రాకపోయినా ఏమీ అనుకోను. కానీ రా.

బావ

*

పరిశోధనశాల,
రెండో అంతస్తు.
మే 2.

బావా,

రిపోర్టు ఇచ్చేశాను, నీ కాగితం జత చేశాను. పెద్దాయన రెండుసార్లు చదివి, ఫ్రీజరు చాబీ తీసుకుని తనే వెళ్ళాడు. పారేయాల్సిన వాటి మీద అంటించే ఎర్ర చీటీని అక్క అర మీద నుంచి పీకేశాడు. పత్రం రాసేటప్పుడు శాంపిళ్ళు తీసినవారి పేరు అని ఒక చోటు ఉంటుంది. అక్కడ అక్క పేరు వేయమన్నాడు. ఇంటిపేరుతో సహా అడిగాడు, నీ ఇంటిపేరే చెప్పాను.

నువ్వు అడిగిన దానికి జవాబు చెప్పాలి. అందులో అక్క చాలా తక్కువ బావా. పెద్ద పుస్తకాన్ని చించి గాలికి వదిలితే మనకు దొరికిన పదో పరకో కాగితాల్లాంటివి. నవ్వు లేదు, గొంతు లేదు. ఆమె జుట్టు రంగు కూడా సరిగా చెప్పలేను. ఆమె ఎలా ఉండేదో తెలియాలంటే నిన్ను అడగడమే మేలు.

నిన్న పదకొండు గంటలకు చెరిపేశాను. నిజంగా చెరిపేయమంటారా అని మిషను అడుగుతుంది, అందరినీ అడుగుతుంది. ఆ ప్రశ్నను ఐదారుసార్లు చదివాను. పక్క బల్ల ఆమె వచ్చి ఏమైంది అని మళ్ళీ అడిగింది. ఈసారి చెప్పాను. మొత్తం చెప్పాను, కాకెంగిలి దగ్గర నుంచి. ఆమె తన కుర్చీ ఇటు లాక్కుని కూర్చుంది. అప్పుడు నొక్కాను.

సెలవు పెట్టాను. పదకొండో తేదీ పొద్దుటి బస్సుకు దిగుతాను. రెండో కుర్చీ మీద బట్టలు తీసి ఉంచు. పన్నెండున దొరసాని బండి ఎక్కేముందు ఆఖరి ఆపిల్ నువ్వే కొరుకు, నీ పళ్ళు ఊడితే నేను అందుకుంటాను. ఒకసారి నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. ఈసారి ఒక రోజు ముందే వస్తున్నాను.

ఈ నెల ఖాళీ పెట్టె పార్సిలులో పంపడం లేదు. నేనే పట్టుకొస్తున్నాను. మూత కింద వెతక్కు, అక్కడ ఏమీ ఉండదు.

నీ బావమరిది